గోదాము ఎత్తు పెరిగే ముందు

వడ్ల కోతలు మొదలయ్యాయంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అందరి నోటా వినిపించే మాట ఒకటే: జాగా లేదు. కొనుగోలు కేంద్రంలో తూకమైన బస్తాలు కదలవు. మిల్లులో దించుకునే చోటు ఉండదు. గోదాము తలుపు ముందు లారీలు బారులు తీరతాయి. 2024 వానాకాలంలో తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేస్తే 153 లక్షల టన్నుల ధాన్యం పండిందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. కరువుకు మారుపేరుగా ఉండిన జనగామ పొలాలకు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చేరాక అక్కడా వరి మళ్లు పెరిగాయి. నాబార్డు రుణంతో మార్కెటింగ్ శాఖ జిల్లా జిల్లాకూ కొత్త గోదాములు కట్టిన మాట నిజమే గానీ, పంట పెరిగినంత జోరుగా పైకప్పు పెరగలేదు. అందుకే గోదాముల యజమానులు, సహకార సంఘాలు, వ్యాపారులు ఇప్పుడు నేల మీంచి చూపు ఎత్తి, పైకప్పు కింద ఖాళీగా పడి ఉన్న ఎత్తును లెక్క వేస్తున్నారు. ఇనుప ర్యాకులు నిలబెట్టి, సరుకును ప్యాలెట్ల మీద పెట్టి, ఫోర్క్‌లిఫ్టుతో మూడు నాలుగు అంతస్తులు ఎక్కిస్తే అదే నేలలో రెండింతలు పడుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఏ సరుకు, ఏ నేల మీద, ఎవరి చేతుల మీదుగా అన్నది చూడకుండా ర్యాకు కొంటే జాగా మిగలదు, డబ్బూ మిగలదు. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఇనుప నిలువుల కింద పొద్దంతా తిరిగేది హమాలీలు, స్టోరు గుమస్తాలు. చదరపు అడుగుకు ఎన్ని బస్తాలు అనే ప్రశ్న రెండోది కావాలి. సరుకు గుణమేమిటి, నేల ఎంత మోస్తుంది, కింద నడిచే మనిషికి ఏ మేరకు భద్రత ఉంది అన్నవి మొదటివి కావాలి.

వడ్ల సంగతే తీసుకుందాం. వడ్లకూ బియ్యానికీ ఈ ర్యాకులు అక్కర్లేదని మా అభిప్రాయం. సర్కారు గోదాముల్లో దాదాపు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున నేల మీద గీత గీసి, చెక్క క్రేట్లు పరిచి, వాటి మీద నెట్టు కడతారు. ఒక వరుస బస్తాలు నిలువుగా పడితే దాని మీది వరుస అడ్డంగా పడుతుంది. అప్పుడే పై బస్తా కింది బస్తాను పట్టుకుని నిలుస్తుంది. మూల బస్తా పెట్టేది ముఠాలో చెయ్యి తిరిగిన హమాలీ. మూల వదులైతే నెట్టు ఒరుగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోడకూ నెట్టుకూ మధ్య మనిషి తిరిగేంత సందు వదులుతారు. ఈ పద్ధతి పాతబడిందని తీసిపారేయలేం. పురుగు పడితే మందు బిళ్లలు పెట్టి, నెట్టు మొత్తాన్ని గాలి చొరని కవరుతో కప్పి, అంచుల మీద ఇసుక నింపిన పొడుగాటి సంచులు (ఇసుక పాములు) పరిచి, వారం పాటు కదపకుండా ఉంచాలి. ఒక్క దిమ్మెగా ఉన్న నెట్టు కాబట్టే అలా కప్పడం కుదురుతుంది. ర్యాకుల మీద విడివిడిగా ఉన్న ప్యాలెట్లకు మందు పట్టించాలంటే గోదాము మొత్తాన్నే గాలి ఆడకుండా మూయాలి. రేకుల కప్పు, పైన వెంటిలేటర్లు, కింద సందు ఉన్న షట్టర్లతో అది అయ్యే పని కాదు.

జాగా లెక్క చూసినా వడ్ల విషయంలో ర్యాకు గెలవదు. మామూలు ఫోర్క్‌లిఫ్టు సరుకుతో మలుపు తిరగాలంటే సుమారు మూడున్నర మీటర్ల దారి కావాలి. వీపు వీపు ఆనించి నిలబెట్టిన రెండు ర్యాకుల లోతు కలిపినా రెండున్నర మీటర్లే. అంటే నేలలో సగానికి మించి దారులకే పోతుంది. నాలుగు మీటర్ల ఎత్తు నెట్టు కట్టగలిగే చోట, పోయిన ఆ నేలను రాబట్టుకోవాలంటే ర్యాకు అంతకు బాగా పైకి వెళ్లాలి. మన దగ్గర గోదాముల్లో చాలావాటికి ఆ ఎత్తు లేదు.

యూరియాదీ ఇంచుమించు అదే దారి. 2025 ఆగస్టులో మహబూబాబాద్ జిల్లా సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడిన రోజులు ఎవరూ మరవలేదు. లారీ దిగిన బస్తా పూట తిరగకుండా రైతు భుజం మీదికి ఎక్కే సరుకును అంతస్తులు ఎక్కించి దించడం వృథా శ్రమ. తేమ పీల్చి గడ్డ కట్టే గుణం ఉంది కాబట్టి నేలకు తగలకుండా కింద ప్లాస్టిక్ ప్యాలెట్లు వేసి, మరీ ఎత్తు పేర్చకుండా ఉంచితే సంఘం గోదాముకు అది చాలు.

మరి ర్యాకు ఎవరికి కావాలి? విత్తనాలకు కావాలి. పత్తి, మొక్కజొన్న, మిర్చి, వరి అంటూ ఒకే గోదాములో పదుల రకాలు, ఒక్కో రకంలో పలు లాట్లు ఉంటాయి. విత్తన నిబంధనల ప్రకారం మొలక పరీక్ష జరిగిన నాటి నుంచి చెల్లుబాటు తొమ్మిది నెలలే. నేల మీద నెట్టు కడితే ముందు వచ్చిన లాటు అడుగున పడుతుంది. దాన్ని తీయాలంటే పైవన్నీ దించాలి. సీజను ఒత్తిడిలో అంత ఓపిక ఎవరికీ ఉండదు, పైనున్నదే బయటికి పోతుంది. అడుగునున్నది గడువు దగ్గర పడ్డాక బయటపడుతుంది. అలాంటి సంచి ఒకటి రైతు చేతికి చేరి మొలక రాకపోతే పోయేది సంచి ఖరీదు ఒక్కటే అయితే బాగుండును. దున్నకం కూలీ పోతుంది, పడిన వాన పోతుంది, అదును పోతుంది. ప్రతి ప్యాలెట్‌నూ విడిగా చేరుకోగలిగే ఒంటి వరుస ర్యాకు ఇక్కడ తన ఖర్చును తానే రాబట్టుకుంటుంది. దీన్ని సెలెక్టివ్ ర్యాకు అంటారు.

అమ్మేవాళ్లు తరచూ చూపించే ఇంకో రకం ఉంది. దారులు లేకుండా, ఫోర్క్‌లిఫ్టు ర్యాకు లోపలికే దూరి ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ వచ్చే డ్రైవ్ ఇన్ పద్ధతి. జాగా బాగా కలిసి వస్తుంది, నిజమే. కానీ చివర పెట్టిందే మొదట బయటికి వస్తుంది. మొదట పెట్టింది లోపలి గోడ దగ్గరే ఉండిపోతుంది. ఒకే సరుకు, ఒకే తేదీ, ఒకేసారి వచ్చి ఒకేసారి పోయే చోట అది మంచిదే. విత్తనాలకూ పురుగుమందులకూ మందుల గోదాములకూ దాన్ని అంటగట్టడం తప్పు. పురుగుమందుల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ద్రవం సీసాలు కింది వరుసల్లోనే ఉండాలి. పై అంతస్తులో ఒక డబ్బా కారితే కింద ఉన్న విత్తన సంచులన్నీ తడుస్తాయి.

భూపాలపల్లి అవసరం మళ్లీ వేరు. అక్కడ సింగరేణి గనులున్నాయి, చెల్పూరు దగ్గర 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. పొడుగాటి పైపులు, కన్వేయర్ బెల్టు చుట్టలు, మోటార్లు, బేరింగులు ఒకే ర్యాకులో ఇమడవు. పైపులకు ముందువైపు నిలువులు అడ్డం లేకుండా చేతులు చాచినట్టుండే క్యాంటిలివర్ ర్యాకు కావాలి. బరువైన మోటారు ఎప్పుడూ కింది వరుసలోనే ఉండాలి. ఈ స్టోర్లలో ఇంజినీర్లు ఉంటారు గనుక వాళ్లకు ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. మా ఆలోచనంతా ఇంజినీరు లేని చిన్న గోదాముల గురించే.

అలాంటి చోట ముందు చూడాల్సింది నేల. ఒక ర్యాకు గదిలో మూడు బీములు, ఒక్కో బీము మట్టంలో రెండు ప్యాలెట్లు, ప్యాలెట్‌కు టన్ను చొప్పున అనుకుందాం. గదికి ఆరు టన్నులు. మధ్యలో ఉన్న నిలువు చట్రం అటు గదిలో సగం, ఇటు గదిలో సగం మోస్తుంది కాబట్టి దాని మీద ఆరు టన్నులు పడతాయి. చట్రానికి కాళ్లు రెండే. ఒక్కో కాలి కింద అరచెయ్యంత ఇనుప పలక, దాని మీద మూడు టన్నులు. నాలుగు మీటర్ల వడ్ల నెట్టు కూడా బరువైనదే గానీ, ఆ భారం చదరపు మీటరుకు రెండు టన్నుల పైచిలుకుగా నేలంతా పరుచుకుంటుంది. అందుకే ఇన్నేళ్లు వడ్లు మోసిన గచ్చు ర్యాకును మోస్తుందన్న నమ్మకం లేదు. నల్లరేగడి ఉన్న చోట సమస్య ఇంకా పెద్దది. ఆ మట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు ఇస్తుంది. గచ్చు ఒక మూల వేలెడంత దిగినా కిందనే ఉన్న నెట్టుకు పెద్ద తేడా రాదు. ఆరు మీటర్ల నిలువుకు కింద వేలెడంత దిగుబాటు వస్తే పైన తల ఎంత పక్కకు జరుగుతుందో వడ్రంగినో మేస్త్రీనో అడిగినా చెబుతారు. ర్యాకు కొటేషన్ తీసుకునే ముందు గచ్చు ఎంత మందం, లోపల ఇనుప చువ్వలు ఉన్నాయా, కింద నింపింది మొరమా రేగడా అన్నది తేల్చుకోవాలి. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ర్యాకు ధరలో చాలా చిన్న భాగం.

నేల తర్వాత నీళ్లు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్ల పైకప్పులు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో వరద ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టనే కొట్టుకుపోయేలా చేసింది. పట్టాలు గాలిలో వేలాడిన ఆ బొమ్మలు దేశమంతా చూసింది. ఇలాంటి చోట గోదాముల్లో అడుగు వరుస ప్యాలెట్లను నేరుగా గచ్చు మీద పెట్టే అలవాటు మానుకోవాలి. కింది వరుసకు కూడా మోకాలి ఎత్తున ఒక బీము వేయించుకుంటే కొంచెం ఎత్తు పోతుంది, ఖర్చు పెరుగుతుంది. కానీ ఒక్క రాత్రి నీళ్లు వస్తే అడుగు వరుస మొత్తం దక్కుతుంది. మన పాత ఇళ్లలో వెదురు గుమ్మిని రాళ్ల మీద ఎత్తి పెట్టి పేడతో అలికేవాళ్లు. ఎలుకకూ చెమ్మకూ నీళ్లకూ ఆ ఒక్క ఎత్తే అడ్డం.

భూకంపం గురించి ఈ ప్రాంతంలో మాట్లాడితే మొన్నటిదాకా నవ్వేవాళ్లు. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నరకు ముందు ములుగు జిల్లా మేడారం వైపు 5.3 తీవ్రతతో భూమి కంపించాక ఆ నవ్వు ఆగింది. ములుగు 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో భాగమే. గోదావరి లోయకు ఇది కొత్త కూడా కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. ఎత్తయిన ర్యాకుకు అటూ ఇటూ ఊపు ఎంత ప్రమాదమో 2010 సెప్టెంబరులో న్యూజిలాండ్ చూసింది. క్రైస్ట్‌చర్చ్ పరిసరాల్లో గోదాముల లోపల ర్యాకులు సరుకుతో సహా కూలాయి. కంపనం తెల్లవారుజామున వచ్చింది. పని వేళలో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. మన దగ్గర ర్యాకు కొనేటప్పుడు కాళ్లను గచ్చుకు యాంకర్ బోల్టులతో బిగించారా, నిలువుల మధ్య అడ్డకట్లు పూర్తిగా ఉన్నాయా, పక్క ఊపును లెక్కలోకి తీసుకున్నారా అని అడగడం అతి జాగ్రత్త అనిపించుకోదు. కాగితం మీద లెక్క చూపించలేని అమ్మకందారు దగ్గర ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దు.

ఇక రోజువారీ సంగతి. ర్యాకును దగ్గరికి వెళ్లి చూస్తే బీము చివర కొక్కేల్లాంటి పళ్లు నిలువు రంధ్రాల్లో దిగి ఉంటాయి. ఆ చోట చిటికెన వేలంత ఇనుప పిన్ను ఒకటి ఉంటుంది. ఫోర్క్ కింద నుంచి పొరపాటున బీమును తడితే అది రంధ్రంలోంచి లేచిపోకుండా పట్టి ఉంచేది ఆ పిన్నే. విలువ కొద్ది రూపాయలు. బీము మార్చినప్పుడు తీసి పక్కన పెట్టి తిరిగి పెట్టని పిన్ను వల్ల రెండు టన్నులు కింద పడతాయి. రెండోది దారి మొదట్లో ఉండే మూల నిలువు. ఫోర్క్‌లిఫ్టు మలుపు తిరిగే ప్రతిసారీ గుద్దుకునేది దానికే. నేల నుంచి జానెడు ఎత్తున రంగు లేచి, ముందు అంచు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. మీటరు పొడవు స్కేలు ఆనించి చూస్తే కొద్ది మిల్లీమీటర్ల వంపు కనిపించినా ఆ గది ఖాళీ చేసి నిలువు మార్చాలి. సుత్తితో కొట్టి సరిచేయడం, వెల్డింగ్ పెట్టి అతుకు వేయడం పనికిరావు. పలుచటి రేకును మడిచి బలం రాబట్టిన నిలువు అది. ఒకసారి మడత చెదిరితే ఆ బలం తిరిగి రాదు. బీము విషయంలో అంత భయం అక్కర్లేదు. 2.7 మీటర్ల బీము నిండు బరువుతో 13 మిల్లీమీటర్ల దాకా వంగడం లెక్కలో ఉన్నదే. బరువు తీశాక తిరిగి సాపుగా రావాలి, అంతే. పాత ర్యాకులు చవకగా వస్తున్నాయని తెచ్చి కొత్త రంగు వేసి నిలబెట్టే వాళ్లు పిన్నులు, నిలువులు, బీములు చూసి తీరాలి. రంగు కింద వంపు దాగుతుంది.

మిర్చి కోల్డ్ స్టోరేజీలు వేరే లోకం. ధర లేనప్పుడు మిర్చి రైతు ఆశంతా ఆ చల్లటి గదిలోనే ఉంటుంది. రసీదు మీద రుణం దొరుకుతుంది, రెండు మూడు నెలలు ఆగగలుగుతాడు. లోపల ఇనుప చట్రాల మీద చెక్కలు పరిచిన అంతస్తులు, వాటి మీద బస్తాలు మోస్తూ ఎక్కి దిగే హమాలీలు ఉంటారు. ధర పడిపోయిన ఏడాది సరుకు పోటెత్తుతుంది, కాదనలేక యజమాని లెక్కకు మించి దించుకుంటాడు. 2023 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసిలో ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ కుప్పకూలి 14 మంది చనిపోయారు. ఆ వార్త చదివి మనం పేజీ తిప్పేశాం. మిర్చి బస్తా ఆలుగడ్డ కంటే తేలికే కావచ్చు, అయినా కోల్డ్ స్టోరేజీ లైసెన్సు తనిఖీలో ఒక్కో అంతస్తు ఎంత మోస్తుందన్న లెక్క కూడా చూడాలి. రైతు సరుకుకు బీమా ఉంటుంది. దాన్ని మోసే హమాలీకి ఉందో లేదో కూడా అదే తనిఖీలో తేలాలి.

ఫోర్క్‌లిఫ్టు వస్తే తన పని పోతుందని హమాలీ భయపడడం సహజం. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బస్తా బరువుతో నడుము అరిగిపోయే బతుకు ఎల్లకాలం అలాగే సాగాలని ఎవరూ కోరుకోరు. అదే మనిషికి ప్యాలెట్ కట్టడం, ట్రాలీ నడపడం, ఫోర్క్‌లిఫ్టు నడపడం నేర్పి, ముఠా కూలీ రేటులో దానికి చోటు ఇస్తే ర్యాకు వచ్చిన గోదాములో ఆయనా ఉంటాడు. గోనె సంచిని ప్యాలెట్ మీద అంచు దాటకుండా, జారకుండా పేర్చడం బయటి నుంచి వచ్చిన డ్రైవరుకు చేతకాదు. నెట్టు మూల కట్టిన చెయ్యే దానికి కావాలి.

సహకార సంఘాలకు గోదాములు కట్టించే కేంద్ర పథకానికి 2023 మే నెలలో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రాబోయే ఏళ్లలో సంఘాల చేతికి కొత్త కప్పులు, వాటితో పాటు ర్యాకుల టెండర్లు వస్తాయి. టెండరు కాగితం రాసేటప్పుడు గోదాము గుమస్తానూ హమాలీ ముఠా పెద్దనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ సరుకు ఏ నెలలో వస్తుందో, లారీ ఏ తలుపు దగ్గర ఆగుతుందో, వాన జల్లు ఏ వైపు నుంచి కొడుతుందో వాళ్లకే తెలుసు. ఏడాదికోసారి బయటి నిపుణుడు వచ్చి చూసే ఖర్చును కొనుగోలు ధరలోనే కలపాలి. ప్రతి ర్యాకు చివర బరువు పలక తప్పనిసరి అని షరతు పెట్టాలి. ఆ పలక తెలుగులో ఉండాలి, కిలోల పక్కనే బస్తాల లెక్క కూడా ఉండాలి. 45 కిలోల బస్తాలు ప్యాలెట్‌కు 20 అంటే 900 కిలోలు. ఒక్కో మట్టంలో ప్యాలెట్లు రెండు, ప్యాలెట్‌కు బస్తాలు ఇరవై, అంతకు మించొద్దు అని దారిలో నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో రాయించాలి.